నున్నటి అద్దం లాంటి టోకెన్ మెషీన్‌కు మాట ఎలా నేర్పాలి? యాప్‌లోనా, ఓఎస్‌లోనా?

నల్లకుంట_నోడ్
ఆసుపత్రి ఓపీ హాల్లో పెట్టే టోకెన్ మెషీన్. నాలుగు కోర్ల కార్టెక్స్ ఏ53, 1 జీబీ ర్యామ్, 10.1 అంగుళాల 1280×800 టచ్ స్క్రీన్. బిల్డ్‌రూట్ అనే టూల్‌తో కట్టిన లినక్స్, దాని మీద ఒకే ఒక్క క్యూటీ క్విక్ యాప్, విండోల వ్యవస్థ లేకుండా నేరుగా స్క్రీన్‌కు గీసే ఈజీఎల్‌ఎఫ్‌ఎస్ మీద ఫుల్ స్క్రీన్. రూట్ ఫైల్ సిస్టమ్ రీడ్ ఓన్లీ. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్ నాలుగూ ఉండాలి.

టెండర్‌లో "ఐఎస్ 17802 ప్రకారం" అని ఒక్క లైన్ ఉంది, అంటే వికలాంగులూ వాడగలిగేలా ఉండాలనే భారత ప్రమాణం. మెషీన్ చూస్తే నున్నటి అద్దం. చూపు లేని మనిషి ముందు నిలబడితే తడమడానికి కూడా ఏమీ లేదు. ఏ డాక్టరు కోసం వచ్చారో పక్కనున్న ముక్కూముఖం తెలియని మనిషికి చెప్పి టోకెన్ తీయించుకోవాలి. అది నాకు మింగుడు పడట్లేదు.

రాతను మాటగా మార్చే ఈ-స్పీక్ ఎన్‌జీ కమాండ్ లైన్‌లో తెలుగు చదువుతోంది. స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఓర్కా ఎక్కిస్తే మాత్రం అసలు యాపే లేనట్టు మౌనంగా ఉంది. ఇది యాప్‌లో రాసే పనా, ఓఎస్‌లో పెట్టే పనా?

క్యూటీ_కిట్టు
ఓర్కా మౌనానికి రెండు కారణాలు. ఒకటి, ఓర్కా వినేది ఏటీ-ఎస్‌పీఐ ద్వారా, అంటే యాప్ తన బటన్ల వివరాలు స్క్రీన్ రీడర్‌కు చెప్పే దారి. అది నడిచేది ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సెషన్ డీబస్ మీద. మీ యాప్ సిస్టమ్ సర్వీసుగా లేస్తుంటే సెషన్ బస్సే ఉండదు. రెండు, క్యూటీలో ఆ దారికి కలిపే బ్రిడ్జి, స్క్రీన్‌కు గీసే ఎక్స్‌సీబీ, వేలాండ్ ప్లగిన్లలో ఉంది, ఈజీఎల్‌ఎఫ్‌ఎస్‌లో లేదు. కేజ్ లాంటి చిన్న వేలాండ్ కంపోజిటర్ (యాప్‌ను స్క్రీన్ మీద చూపించే ప్రోగ్రాం) పెట్టి, యాప్‌ను డీబస్ రన్ సెషన్‌తో లేపితే ఓర్కాకు కనిపిస్తుంది.

డివైస్‌ట్రీ_దాదా
కిట్టు చెప్పింది నిజమే కానీ ఈ మెషీన్‌కు ఓర్కా వద్దు. ఓర్కా పైథాన్‌లో రాసింది, దాని వెనక ఏటీ-ఎస్‌పీఐ, స్పీచ్ డిస్పాచర్, ఇంత వరుస. ఐదు స్క్రీన్ల యాప్‌కు అంత బరువు అక్కర్లేదు. పైగా ఓర్కా కీబోర్డు షార్ట్‌కట్‌లు నేర్చుకుని ఎవరూ ఆసుపత్రికి రారు.

ఐఎస్ 17802 మొదటి భాగం 2021లో, రెండోది 2022లో వచ్చాయి. మూలం యూరప్ వాళ్ళ ఈఎన్ 301 549. అందులో మీకు పనికొచ్చేది "మూసిన పరికరం" గురించిన 5.1 సెక్షన్. వచ్చిన మనిషి తన సొంత స్క్రీన్ రీడర్‌ను తగిలించుకోలేని పరికరం అయితే, ఆ పరికరమే మాట్లాడాలి. టోకెన్ మెషీన్ అచ్చంగా అదే.

ఇక యాప్‌లోనా, ఓఎస్‌లోనా అంటే, మాట ఓఎస్‌లోనే ఉండాలి, యాప్‌కు బయట. యాప్ వేలాడిపోతే చూపున్నవాళ్ళకు గడ్డకట్టిన స్క్రీన్ కనిపిస్తుంది, పక్క మెషీన్‌కు పోతారు. మాట కూడా ఆ యాప్‌లోనే ఉంటే చూపు లేనివాళ్ళకు మిగిలేది మౌనం. మెషీన్ ఆలోచిస్తోందా, చచ్చిపోయిందా, తను కీ సరిగ్గా నొక్కలేదా అన్నది తెలిసే దారి లేదు.

కాబట్టి ఒక చిన్న డీమన్, అంటే వెనక ఎప్పుడూ నడిచే ప్రోగ్రాం రాయండి. యాప్ దానితో మాట్లాడటానికి యూనిక్స్ సాకెట్ ఒకటి. ప్రతి మాటతో యాప్ పంపేవి మూడే: ఏం చదవాలి, ఏ భాషలో, ఎంత అర్జెంటు. అవి కాక ఒక "ఆపు". హెడ్‌ఫోన్ జాక్, వాల్యూమ్, వేగం, మళ్ళీ చదవడం ఇవన్నీ డీమన్ చేతిలో ఉండాలి, యాప్‌కు వాటి ఊసే వద్దు. యాప్ రెండు సెకన్లకోసారి బతికే ఉన్నానని సాకెట్‌లో చెప్పాలి. మూడుసార్లు రాకపోతే డీమన్ తనంతట తానే "మెషీన్ మళ్ళీ మొదలవుతోంది, ఒక్క నిమిషం ఆగండి" అని చెప్పాలి.

మల్కాజిగిరి_మేక్
కన్సోల్ చదవడానికి స్పీకప్ ఉంది కదా, లినక్స్ కర్నెల్‌లోనే. అది సరిపోదా?

డివైస్‌ట్రీ_దాదా
సరిపోదు. స్పీకప్ టెక్స్ట్ కన్సోల్ మాత్రమే చదువుతుంది, గ్రాఫిక్స్ దానికి తెలియదు. 5.9 కర్నెల్‌లో స్టేజింగ్ (ఇంకా పక్కా కాని డ్రైవర్ల చోటు) దాటి అసలు చోటుకు వచ్చింది, 2020లో. సర్వీసుకు వచ్చే టెక్నీషియన్‌కు చూపు లేకపోతే మాత్రం బంగారం, ఆ కోణంలో బిల్డ్‌లో ఉంచండి.

క్యూటీ_కిట్టు
దాదా డిజైన్‌కు యాప్ వైపు పని ఇంతే. ఈజీఎల్‌ఎఫ్‌ఎస్ మార్చకుండానే అవుతుంది. ఫోకస్ ఆబ్జెక్ట్ మారినప్పుడు క్యూగూయీ అప్లికేషన్ ఒక సిగ్నల్ ఇస్తుంది. దాన్ని పట్టుకుని, ఆ ఆబ్జెక్ట్ తాలూకు యాక్సెసిబుల్ ఇంటర్‌ఫేస్ అడిగి, పేరు, రోల్, స్థితి తీసి సాకెట్‌లోకి పంపండి. వంద లైన్ల లోపే.

ఎక్కడ దెబ్బ తింటారంటే, బొమ్మ ఒక్కటే ఉన్న బటన్లకు యాక్సెసిబుల్ నేమ్ ఖాళీగా వస్తుంది. డెలిగేట్‌లో (లిస్టులో ఒక్కో వరుసను గీసే అచ్చు) పుట్టే లిస్ట్ ఐటమ్‌లకు కూడా. పేరు ఖాళీగా ఉన్న ఫోకస్ ఐటమ్ ఏదైనా దొరికితే బిల్డ్ ఫెయిల్ అయ్యేలా ఒక టెస్ట్ రాసుకోండి. లేకపోతే "బటన్, బటన్, బటన్" అని చదువుతుంది.

తార్నాక_ఆడియో
దాదా మాటల్లో కీ నొక్కడం అని వచ్చింది. విడిగా కీలు ఎందుకు? ఫోన్‌లో లాగా వేలు జరుపుతుంటే కింద ఉన్నది చదివేలా, రెండుసార్లు తట్టితే నొక్కినట్టు చేస్తే సాఫ్ట్‌వేర్‌తోనే అయిపోతుంది. ప్యానెల్ కోయక్కర్లేదు, కొత్త పార్టు అక్కర్లేదు.

చుక్కలలిపి6
ఫోన్ నాది. రోజుకు వందసార్లు వాడేది. అందులో ఏది ఎక్కడుందో నా వేలికి తెలుసు. టోకెన్ మెషీన్ ముందు నేను మొదటిసారి నిలబడతాను, ఒక చేతిలో కర్ర, చంకలో రిపోర్టుల ఫైలు, వెనక లైను. 10 అంగుళాల అద్దం మీద వేలు జరుపుతూ వెతుక్కోమంటే ఎలా? అంచు తగలదు, బటన్ తగలదు. వేలు పొరపాటున ఆనితేనే నొక్కినట్టయ్యే మెషీన్లయితే మరీ ఘోరం.

కీలు పెట్టండి. ఐదు చాలు: పైకి, కిందికి, సరే, వెనక్కి, మళ్ళీ చెప్పు. పైకి కిందికి బాణం ఆకారంలో, సరే గుండ్రంగా ఉబ్బెత్తుగా. మళ్ళీ చెప్పు కీని మిగతావాటికి దూరంగా పెట్టండి. అది చేతికి తెలిసిందంటే మనిషికి ధైర్యం వస్తుంది. ఏది పోయినా మళ్ళీ వినొచ్చు కదా.

నంబర్ ప్యాడ్ కూడా పెడితే ఫోన్ వరుసలో పెట్టండి, 1 2 3 పైన. కాలిక్యులేటర్ వరుస వద్దు. 5 మీద చుక్క.

నల్లకుంట_నోడ్
చుక్కలలిపి గారూ, కీలు పెడుతున్నాం, తేలిపోయింది. ఎడమ కుడి బాణాలు వద్దన్నట్టేనా?

చుక్కలలిపి6
వద్దు. మీకు ఉర్దూ కూడా ఉంది. ఉర్దూలో స్క్రీన్ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, కుడి అంటే ముందుకా వెనక్కా అన్న తికమక వస్తుంది. పైకి కిందికి ఏ భాషలోనైనా ఒకటే.

తార్నాక_ఆడియో
ఒప్పుకుంటున్నా, నా మాట వెనక్కి. అయితే టచ్ చదివే పద్ధతిని పూర్తిగా తీసేయకండి. కొంచెం చూపున్నవాళ్ళు స్క్రీనూ చూస్తారు, మాటా వింటారు. హెడ్‌ఫోన్ పెట్టిన తర్వాత మొదటి తాకుడు చదవాలి, రెండోది నొక్కాలి.

కోఠీ_సోల్డర్
ఆడియోకి ఏం చిప్ పెట్టినవ్ నోడ్ అన్నా?

నల్లకుంట_నోడ్
మ్యాక్స్98357ఏ ఆంప్ మాడ్యూల్, ఐ2ఎస్ అనే ఆడియో లైను మీద. స్పీకర్‌కు పోయే రెండు వైర్లనే 3.5 ఎంఎం జాక్‌కు కూడా తీశాం.

కోఠీ_సోల్డర్
గదే తప్పు అన్నా, వెంటనే తియ్యి. గా చిప్ అవుట్‌పుట్ బ్రిడ్జి టైపు ఉంటది, రెండు కాళ్ళూ డ్రైవ్ అయితయి, ఏదీ గ్రౌండ్ కాదు. జాక్ స్లీవ్ గ్రౌండ్‌కు తగిలిందంటే ఆంప్ షట్‌డౌన్ కొడతది, లేకుంటే కాలిపోతది. స్పీకర్‌కు మంచిదే, హెడ్‌ఫోన్‌కు పనికిరాదు.

పీసీఎం5102ఏ పెట్టుమని ఎవలన్న చెప్తే గది కూడా వద్దు. గది లైన్ అవుట్, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ దాని మీద బరువైతది. డబ్ల్యూఎం8960 పెట్టు. హెడ్‌ఫోన్ డ్రైవర్ లోపలనే ఉంది, 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఛానెల్‌కు 1 వాట్ ఇస్తది, కర్నెల్‌ల డ్రైవర్ ఎప్పటి నుంచో ఉంది. శాంపిల్‌కు మాడ్యూల్ కోఠీ గుజరాతీ గల్లీల అడిగి చూడు, ప్యానెల్ ముక్క ప్రింట్ చేసి చూస్కోవాలంటే రాయదుర్గంల టీ-వర్క్స్ అనే ప్రోటోటైపుల వర్క్‌షాప్ ఉంది.

జాక్‌ల స్విచ్ ఉన్నది తీస్కో. ప్లగ్ పెట్టంగనే ఆ స్విచ్ తెరుచుకుంటది, దాన్ని 10 కిలో ఓమ్‌ల పుల్ అప్‌తోని జీపీఐఓకు, అంటే బోర్డు ఇన్‌పుట్ పిన్నుకు ఇయ్యి. డీబౌన్స్, అంటే స్విచ్ నిలకడైందాక ఆగుడు, 200 మిల్లీసెకన్లు. దుమ్ము పడితే స్విచ్ ఇరుక్కుంటది, అప్పుడు ఎవ్వరూ ప్లగ్ పెట్టకున్నా పెట్టినట్టే అనుకుంటది మెషీన్. అందుకే జాక్ నోరు కిందికి చూసేటట్టు, లేకుంటే నిలువు ప్యానెల్ మీద పెట్టు, పైకి చూసేటట్టు అస్సలు వద్దు. స్టాటిక్ షాక్ ఆపే ఈఎస్‌డీ డయోడ్ మర్వకు. పొడి రోజుల్ల చెయ్యి పెట్టంగనే చిటపట అంటది.

చుక్కలలిపి6
సోల్డర్ గారు చెప్పిన జాక్ స్విచ్ చాలా ముఖ్యం. అదే మెషీన్‌కు స్టార్ట్ బటన్. ప్లగ్ పెట్టగానే ఒక్క సెకనులోపు మాట రావాలి, మొదటి మాట "ఇది టోకెన్ మెషీన్" అని. తర్వాత కీలు ఎక్కడున్నాయో చెప్పాలి. ప్లగ్ తీస్తే ఉన్నచోట వదిలేసి, వివరాలు చెరిపేసి, మొదటికి రావాలి.

తార్నాక_ఆడియో
వాల్యూమ్ గురించి ఈఎన్ 301 549లో స్పష్టంగా ఉంది. స్పీకర్ అయితే కనీసం 65 డీబీఏ దాకా పెంచుకునే వీలుండాలి. వాడిన ప్రతిసారీ, మనిషి వెళ్ళాక, 65 లేదా అంతకంటే కిందికి దానంతట అదే దిగాలి. ముందువాడు పెంచి పోయిన హెడ్‌ఫోన్ వాల్యూమ్ తర్వాతి మనిషి చెవిలో పేలకూడదు. జాక్ తీసిన ఈవెంట్‌కే ఈ రీసెట్ కట్టేయండి.

ఇక ఆలస్యం. ఈ-స్పీక్ 22050 హెర్ట్జ్‌లో ఇస్తుంది. 8192 ఫ్రేముల బఫర్ వదిలేస్తే 371 మిల్లీసెకన్లు. బాణం నొక్కి మూడోవంతు సెకను పైగా ఆగితే మనిషి మళ్ళీ నొక్కుతాడు, ఒక ఐటమ్ దాటిపోతుంది. 512 ఫ్రేముల పీరియడ్లు (బఫర్ ముక్కలు) రెండు పెట్టండి, దాదాపు 46 మిల్లీసెకన్లు అవుతుంది.

అంతకంటే పెద్ద తప్పు మాట ఆపడంలో చేస్తారు. కొత్త కీ నొక్కగానే పాత మాట సగంలో తెగిపోవాలి. లినక్స్ ఆడియో వ్యవస్థ ఆల్సాలో డ్రెయిన్ పిలిస్తే బఫర్ ఖాళీ అయ్యేదాకా వాగుతుంది. డ్రాప్ పిలవాలి. ఈ-స్పీక్ వైపు క్యాన్సిల్ కూడా పిలవాలి. రెండిట్లో ఒకటి మర్చిపోతే పాత వాక్యం తోక కొత్త వాక్యం ముందు వినిపిస్తుంది.

మీ బోర్డులో ఆడియో క్లాక్ 24.576 మెగాహెర్ట్జ్ ఒక్కటే అయితే 22050 దాన్నుంచి సరిగ్గా రాదు. నేరుగా హార్డ్‌వేర్ పీసీఎం (సౌండ్ కార్డుకు పోయే దారి) తెరిస్తే ఎర్రర్ ఇస్తుంది. ఆల్సా ప్లగ్ లేయర్ ద్వారా తెరవండి, 48000కు అదే మారుస్తుంది.

మల్కాజిగిరి_మేక్
డీమన్‌ను, సర్వీసులను లేపి చూసుకునే సిస్టమ్‌డీ కింద నడిపితే ఒక గొయ్యి ఉంది. రీస్టార్ట్ ఆల్వేస్ అని పెట్టి ధీమాగా ఉంటారు. కానీ డిఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లు లేచి పడితే సిస్టమ్‌డీ ఇక లేపదు. సౌండ్ కార్డును కర్నెల్ ఆలస్యంగా గుర్తించిన రోజు సరిగ్గా ఇదే జరుగుతుంది. కోడెక్ (ఆడియో చిప్) తన కరెంటు రెగ్యులేటర్ కోసం ఆగుతుంటుంది, మీ డీమన్ పీసీఎం తెరవలేక 100 మిల్లీసెకన్లకోసారి ఐదుసార్లు చచ్చిపోతుంది, ఆ రోజంతా మెషీన్ మూగ. స్టార్ట్ లిమిట్ ఇంటర్వెల్‌ను 0 చేయండి, రీస్టార్ట్ గ్యాప్ 2 సెకన్లు పెట్టండి, కార్డు లేకపోతే చావకుండా ఎదురుచూసేలా రాయండి.

మెమరీ నిండినప్పుడు కర్నెల్ ముందు దీన్ని చంపకుండా ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ మైనస్ 500 పెట్టండి. చావాల్సి వస్తే యాపే ముందు చావాలి, అది పోయిందని చెప్పడానికి గొంతు మిగలాలి.

రీడ్ ఓన్లీ రూట్ కాబట్టి సాకెట్, లాగ్ అన్నీ ర్యామ్‌లో ఉండే రన్ డైరెక్టరీలో. మనిషి ఎంచుకున్న భాష, వేగం ఎక్కడా సేవ్ చేయొద్దు.

లైసెన్సు: ఈ-స్పీక్ ఎన్‌జీది జీపీఎల్ 3 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు. ఇంట్లో వాడే వస్తువులో పెట్టి, సెక్యూర్ బూట్‌తో తాళం వేస్తే, మార్చిన వెర్షన్ ఎక్కించుకునే తాళం చెవి కూడా ఇవ్వాల్సి వస్తుంది. ఆసుపత్రి హాల్లో మెషీన్ ఆ "యూజర్ ప్రోడక్ట్" నిర్వచనంలోకి రాదని నా చదువు. సోర్స్ ఇవ్వాల్సిందే మాత్రం. వేరే ప్రాసెస్‌గా నడపండి, క్యూటీ యాప్‌లోకి లింక్ చేయొద్దు.

కోఠీ_సోల్డర్
మరి ఈ-స్పీక్ తెలుగు ఇనబుద్ధి అయితదా? రేకు డబ్బాల మాట్లాడినట్టు ఉంటది. మనిషి గొంతు రికార్డు చేసి పెడితే అయిపోతది గదా.

డివైస్‌ట్రీ_దాదా
లెక్క చూద్దాం. 300 ప్రాంప్ట్‌లు, ఒక్కోటి 3 సెకన్లు, 900 సెకన్లు. కుదించని 16 కిలోహెర్ట్జ్ 16 బిట్ పీసీఎం అయితే భాషకు 28.8 ఎంబీ. ఓపస్‌తో కుదిస్తే 24 కిలోబిట్లలో 2.7 ఎంబీ. నాలుగు భాషలకూ 11 ఎంబీ లోపే. జాగా సమస్యే కాదు. సమస్య మారే సమాచారం. డాక్టర్ల పేర్లు, కొత్త విభాగం, ఈ రోజు సెలవు. ప్రతిదానికీ స్టూడియోకు పోలేం.

అందుకే రెండూ. మారని వాక్యాలు మనిషి గొంతు, మారేవి ఈ-స్పీక్. రికార్డింగ్ దొరకకపోతే దానంతట అదే ఈ-స్పీక్‌కు పడిపోవాలి.

చుక్కలలిపి6
రేకు డబ్బా గొంతు అని భయపడకండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళకు అది అలవాటే, నిమిషానికి 300 పదాల మీద కూడా వింటారు. కానీ ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో ఈ మధ్యే చూపు పోయినవాళ్ళు, పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళకు డిఫాల్ట్ 175 కూడా ఎక్కువే. 130 దగ్గర మొదలుపెట్టి, మళ్ళీ చెప్పు కీని పట్టి ఉంచితే వేగం మారేలా చేయండి.

రెండు గొంతులు కలపడంలో జాగ్రత్త. "మీ కౌంటరు" మనిషి, "మూడు" మెషీన్, "కి వెళ్ళండి" మనిషి అంటే వినడానికి బాధగా ఉంటుంది. తెలుగులో విభక్తి నంబరుకు అతుక్కుంటుంది, "మూడో కౌంటరుకు" అంటాం. ముక్కలు కుట్టాలంటే నంబరు చివర వచ్చేలా వాక్యం రాయండి: "మీరు వెళ్ళాల్సిన కౌంటరు, మూడు."

అక్షర_కొలత
నంబరు గురించి ఇంకో మాట. హాల్లో పిలిచేవాళ్ళు ఎలా పిలుస్తారో మెషీన్ అలాగే చదవాలి. స్పీకర్లో "టోకెన్ నంబర్ ఫోర్ వన్ సెవెన్" అని వస్తుంటే, మెషీన్ "నాలుగు వందల పదిహేడు" అని చెబితే మనిషి తన వంతు వచ్చినా లేవడు. ఒక్కో అంకె విడిగా, రెండుసార్లు చదివించండి.

ఈ-స్పీక్‌కు ఇచ్చే ముందు టెక్స్ట్ శుభ్రం చేయాలి. "రూ." ను "రూపాయలు" చేయండి, "డా." ను "డాక్టర్", "గం." ను "గంటలకు". ఇంగ్లిష్ అక్షరాల్లో ఓపీ అని ఉంటే వాక్యం మధ్యలో గొంతు ఇంగ్లిష్‌కు మారుతుంది. తెలుగు అక్షరాల్లోనే రాసి పంపండి.

నల్లకుంట_నోడ్
అక్షర గారూ, అక్షరాల సైజు కూడా చెప్పండి. మావాళ్ళు 24 పిక్సెళ్ళు చాలంటున్నారు.

అక్షర_కొలత
చాలదు. మీ స్క్రీన్ అంగుళానికి సుమారు 149 పిక్సెళ్ళు, అంటే మిల్లీమీటర్‌కు 5.9. పెద్దది చేసుకునే వీలు లేని మూసిన పరికరంలో ఇంగ్లిష్ క్యాపిటల్ హెచ్ అక్షరం కంటికి 0.7 డిగ్రీలు ఆనాలని ఈఎన్ లెక్క. 60 సెంటీమీటర్ల దూరానికి అది 7.3 మిల్లీమీటర్లు, మీ స్క్రీన్ మీద 43 పిక్సెళ్ళు. మీకు మాట ఉన్నా సరే, కంటితో చదివేవాళ్ళ కోసం ఆ సైజు పట్టుకోండి.

తెలుగుకు హెచ్ లేదు. ఫాంట్ సైజు 43 అని పెడితే అక్షరం 43 రాదు, వత్తులకూ గుడులకూ జాగా పోను చిన్నదవుతుంది. స్క్రీన్ మీద "అ" ను స్కేలు పెట్టి కొలవండి. లైన్ ఎత్తు కనీసం 1.5 రెట్లు, లేకపోతే పై లైను వత్తు కింది లైను తలకట్టులోకి దిగుతుంది. ఉర్దూ నస్తలీఖ్ ఫాంట్‌కు ఇంకా ఎక్కువ కావాలి, దానికి వేరే విలువ పెట్టుకోండి. కాంట్రాస్ట్ మామూలు అక్షరాలకు 4.5:1. లేత నీలం మీద తెల్ల అక్షరాలు ఉంటే ఈ రోజే తీసేయండి.

బటన్ 20 మిల్లీమీటర్లు, 118 పిక్సెళ్ళు. చేయి వణికేవాళ్ళకు రెండు బటన్ల మధ్య ఖాళీ కూడా అంతే ముఖ్యం.

మల్కాజిగిరి_మేక్
వణుకు అంటే గుర్తొచ్చింది. జీపీఐఓ కీస్ డ్రైవర్‌లో డీబౌన్స్ డిఫాల్ట్ 5 మిల్లీసెకన్లు. అది స్విచ్ లోహం ఎగరడానికి మందు, చేతి వణుకుకు కాదు. చేతి వణుకుకు అదే కీ 300 నుంచి 500 మిల్లీసెకన్లలోపు మళ్ళీ వస్తే వదిలేయాలి. రెండూ ఒకచోట కలపకండి. డివైస్ ట్రీలో 500 పెడితే 500 మిల్లీసెకన్లు నిలకడగా నొక్కితే తప్ప కీ పలకదు. డ్రైవర్‌లో 10 పెట్టండి, మిగతాది డీమన్‌లో.

కోఠీ_సోల్డర్
బజర్ సంగతి ఎవ్వలు చెప్పలే. చిన్న పీజో బజర్లు 2.7 నుంచి 4 కిలోహెర్ట్జ్ల మోగుతయి. వయసు మీద పడ్డోళ్ళకు మొదలు పోయేది గా పై శబ్దాలే. బీప్‌ను స్పీకర్ల నుంచే ఇయ్యి, 500 నుంచి 1000 హెర్ట్జ్. దాంతోపాటు లైట్ గూడ వెలగాలె, అసలు ఇనపడనోళ్ళ కోసం. ఎర్ర పచ్చ ఒక్కటే ఎల్‌ఈడీల పెట్టకు, రంగు తేడా తెల్వనోళ్ళుంటరు. రెండు వేరే వేరే జాగల పెట్టు. సెకనుకు మూడుసార్ల కన్నా ఎక్కువ మిణుకొద్దు, మూర్ఛ ఉన్నోళ్ళకు ప్రమాదం.

నల్లకుంట_నోడ్
టైమౌట్ 30 సెకన్లుంది. అది ఉంచొచ్చా?

చుక్కలలిపి6
30 సెకన్లు ఎప్పటి నుంచి? స్క్రీన్ వచ్చినప్పటి నుంచి లెక్కపెడితే 12 సెకన్లు మీ మాటే తినేస్తుంది. చదవడం పూర్తయ్యాక లెక్క మొదలవ్వాలి. అయిపోయే ముందు "ఇంకా సమయం కావాలంటే ఏ కీ అయినా నొక్కండి" అని చెప్పి కనీసం 20 సెకన్లు ఆగాలి.

ఫోన్ నంబరు అడుగుతారు కదా, హెడ్‌ఫోన్ ఉంటేనే అంకెలు పైకి చదవండి. స్పీకర్ మీద అయితే అంకెకో టిక్ చప్పుడు చాలు. హాలంతా నా నంబరు వినక్కర్లేదు.

క్యూటీ_కిట్టు
అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మాట పోతుంటుంది, ఎవరూ గమనించరు. సీఐలో (ప్రతి మార్పుకూ దానంతట అదే నడిచే టెస్టులు) ఆల్సా ఏలూప్ మాడ్యూల్ అనే ఉత్తుత్తి సౌండ్ కార్డు ఎక్కించి, డీమన్ అవుట్‌పుట్‌ను దాని ద్వారా రికార్డు చేసి, ప్రతి స్క్రీన్‌కు శబ్దం వచ్చిందా, ఒక కీ నొక్కగానే ఆగిందా అని కొలవండి. జాక్ ఈవెంట్‌ను, ఉత్తుత్తి ఇన్‌పుట్ పరికరం తయారుచేసే యూఇన్‌పుట్‌తో పుట్టించవచ్చు. బోర్డు లేకుండానే నడుస్తుంది.

చుక్కలలిపి6
ఆ టెస్టు ఉంచండి. తర్వాత మనుషులతో కూడా చూడండి. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళకు దృష్టి పునరావాస విభాగం ఉంది, బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది. అడగండి, వచ్చినవాళ్ళ సమయానికి డబ్బు ఇవ్వండి. ముందు ఏమీ వివరించకుండా మెషీన్ ముందు నిలబెట్టండి. మొదట జాక్ దొరకడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. జాకే దొరక్కపోతే లోపల ఎంత చేసినా వాళ్ళదాకా రాదు.

నల్లకుంట_నోడ్
జాక్ చుట్టూ ఉబ్బెత్తు రింగ్, పక్కన బ్రెయిలీలో "శబ్దం" అని స్టిక్కర్ అనుకుంటున్నాం. ప్రింటింగ్ వాళ్ళకు యూనికోడ్ టెక్స్ట్ పంపితే వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఐదు గళ్ళు ఇచ్చింది, ఒక్కో గడిలో లేచే చుక్కల నంబర్లు ఇవి: 146, 12, 4, 145, 56. సరేనా?

చుక్కలలిపి6
కాదు, ప్రింట్ ఆపండి. మన భాషల బ్రెయిలీ అయిన భారతి బ్రెయిలీలో పొల్లు గుర్తు, అంటే 4వ చుక్క, హల్లుకు ముందు వస్తుంది. యూనికోడ్‌లో తర్వాత వస్తుంది. వాళ్ళది ఒక్కో అక్షరాన్ని ఉన్న వరుసలో మార్చేసింది, పొల్లు "ద" మీద పడింది. సరైనది 146, 4, 12, 145, 56. కొత్త ప్రూఫ్ రాగానే గళ్ళ నంబర్లు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.